హెల్త్ ఇన్‌స్పెక్టర్: చదువు, సర్టిఫికెట్ల చరిత్ర

తాగునీరు, మురుగు, చెత్త, ఆహారం, అంటువ్యాధులు – వీటిపై ప్రజారోగ్య చట్టాల ప్రకారం ఊళ్లలో తిరిగి తనిఖీ చేసే ఉద్యోగి హెల్త్ ఇన్‌స్పెక్టర్. పురపాలక సంఘాల్లో శానిటరీ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఈ వృత్తిలో ఉద్యోగం ముందు పుట్టింది. చదువు, సర్టిఫికెట్టు చాలా కాలానికి గాని రాలేదు.

బ్రిటన్‌లో 1840ల నాటి కలరా భయం, పారిశుద్ధ్యంపై ఎడ్విన్ చాడ్విక్ 1842 నివేదిక ఈ ఉద్యోగానికి దారితీశాయి. 1846 నాటి ప్రత్యేక చట్టం కింద లివర్‌పూల్ నగరం వైద్యాధికారిగా డాక్టర్ విలియం డంకన్‌ను, ఇన్‌స్పెక్టరుగా థామస్ ఫ్రెష్‌ను నియమించింది. 1875 ప్రజారోగ్య చట్టం పట్టణాలూ పల్లెలూ అన్నిటా ఇన్‌స్పెక్టర్లు ఉండాలంది గాని, వాళ్లేం చదివి ఉండాలో చెప్పలేదు. ఆ లోటును ప్రభుత్వం కాక ఒక సంఘం పూడ్చింది. 1876లో ఏర్పడిన శానిటరీ ఇన్‌స్టిట్యూట్ మరుసటి ఏడాదే పరీక్షలు మొదలుపెట్టింది. లండన్‌లో 1895 నుంచి కొత్తగా చేరేవారికి సర్టిఫికెట్టు తప్పనిసరైంది. అంటే పరీక్ష పుట్టాక దానికి చట్టబలం రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

భారతదేశంలో మొదటి శ్రద్ధ ప్రజల మీద కాదు, సైనికుల మీద. ఇక్కడి బ్రిటిష్ సైన్యంలో రోగాలతో చనిపోతున్నవారి లెక్క చూసి బెదిరిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. 1864లో మద్రాసు, బొంబాయి, బెంగాల్‌లలో శానిటరీ కమిషన్లు వెలిశాయి. సామాన్యుడి వీధికి ఆ శ్రద్ధ మెల్లగా చేరింది. 1926లో బొంబాయిలో మొదలైన అఖిల భారత స్థానిక స్వపరిపాలన సంస్థ పురపాలక ఉద్యోగుల శిక్షణకు పెద్ద దిక్కయింది. అక్కడి శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమాకు ఇప్పటికీ గిరాకీ ఉంది. 1932లో కలకత్తాలో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ నెలకొంది. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం దేశంలో ఆ తరహా చట్టాల్లో మొదటిది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోవే కాబట్టి అక్కడి తనిఖీ పనికి అదే ఆధారమైంది.

ఈ చదువులో ఏం నేర్పేవారో చెప్పడానికి బావినీటి క్లోరినేషన్ ఒక్కటి చాలు. నీటికి ఎంత బ్లీచింగ్ పౌడరు కావాలో తేల్చే హారక్స్ పెట్టెలో ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు ఉంటాయి. నల్ల కప్పులో బ్లీచింగ్ పౌడరు ద్రావణం కలిపి, తెల్ల కప్పుల్లోని బావినీటిలో దాన్ని చుక్కల లెక్కన పెంచుతూ వేస్తారు. అరగంట ఆగి స్టార్చ్ అయొడైడ్ వేస్తే, వరసలో మొదటగా ఏ కప్పులో నీలిరంగు తేలిందో చూస్తారు. మూడో కప్పయితే 455 లీటర్లకు ఆరు గ్రాముల పౌడరు కావాలని అర్థం. ఆపైన బావి వ్యాసం, నీటిలోతు కొలిచి మొత్తం నీరెంతో లెక్కగట్టాలి. వట్టి జ్ఞాపకశక్తితో గట్టెక్కే విద్య కాదిది. పౌడరు తక్కువైతే కలరా ఆగదు, ఎక్కువైతే ఊరివాళ్లు ఆ నీళ్లు ముట్టరు.

1954 ఆహార కల్తీ నిరోధక చట్టం ఈ డిప్లొమా విలువను పెంచింది. 1955 నిబంధనల ప్రకారం అర్హతా, ఏడాది అనుభవమూ ఉన్న శానిటరీ ఇన్‌స్పెక్టర్ మూడు నెలల శిక్షణతో ఫుడ్ ఇన్‌స్పెక్టర్ కాగలిగేవాడు. ఆహార నమూనాను మూడు భాగాలు చేసి, సీలు వేసి, సాక్షి సంతకం తీసుకోవడం ఆ పనిలో భాగం. అందులో పొరపాటు జరిగితే కోర్టులో కేసు నిలవదు గనుక రసాయన శాస్త్రంతో పాటు చట్టమూ తెలిసి ఉండాలి.

1973లో కర్తార్ సింగ్ కమిటీ మలేరియా, మశూచి, కుటుంబ నియంత్రణలకు వేర్వేరుగా ఉన్న సిబ్బందిని బహుళార్థ కార్యకర్తలుగా కలపమంది. పల్లెల్లోని ఇన్‌స్పెక్టర్లు ఆరోగ్య శాఖ పర్యవేక్షకుల వరసలో కలిశారు. పట్టణాల్లోనివారు పురపాలక శాఖలోనే మిగిలారు. ఒక్క వృత్తి రెండు దారులు పట్టింది. రెండో చీలిక 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంతో వచ్చింది. 2011 నిబంధనలు ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకు ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, మైక్రోబయాలజీ వంటి వాటిలో పట్టానో, రసాయన శాస్త్రంలో మాస్టర్స్ డిగ్రీనో అడిగాయి. పాత ఫుడ్ ఇన్‌స్పెక్టర్లకు వెసులుబాటు దొరికింది గాని, కొత్తగా వచ్చే డిప్లొమావాళ్లకు ఆ తలుపు మూసుకుపోయింది. శాస్త్రపరంగా సమర్థించదగ్గ మార్పే. అయితే కింది స్థాయి ఉద్యోగి పైకెక్కే మెట్టొకటి దాంతో పోయింది.

ఇప్పుడు ఐటీఐలలో హెల్త్ శానిటరీ ఇన్‌స్పెక్టర్ ట్రేడు ఏడాది కోర్సుగా ఉంది. తమిళనాడులోని గాంధీగ్రామ్ ఆరోగ్య సంస్థ వంటి చోట్ల డిప్లొమా నడిచింది. ఉద్యోగాల అర్హతలు మాత్రం రాష్ట్రానికీ శాఖకూ మారుతుంటాయి. అందువల్ల ఫీజు కట్టేముందే, తాము కోరుకునే పోస్టు నోటిఫికేషను ఏ సంస్థ సర్టిఫికెట్టును గుర్తిస్తోందో అభ్యర్థులు చూసుకోవాలి.