పి.పి. నంబరు నుంచి ఓటీపీ దాకా: ఊరు విడిచినా నంబరు విడవకండి



పోయిన ఆదివారం మీటింగు అయ్యాక కాఫీ దగ్గర ఒక చెల్లెమ్మ అడిగింది. "అన్నా, అబ్బాయి దగ్గరికి అమెరికా పోతున్నాం, ఆరు నెలలు. ఇక్కడి సిమ్ముకు ఊరికే రీచార్జి ఎందుకు, వదిలేద్దామా?" వదలొద్దమ్మా అని అప్పటికి చెప్పాం. ఎందుకు వద్దో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. తీరిక చేసుకుని చదవండి. మేము చదివింది అరక్కోణంలో, తమిళ మీడియం. తెలుగు మాట ఇంట్లో వచ్చింది, రాత ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకోండి.

దోణిమలైలో ఎన్.ఎం.డి.సి. ఇనుప గని 1977లో మొదలైంది. గని వెంట టౌన్‌షిప్పు, టౌన్‌షిప్పు వెంట మనవాళ్ళు వచ్చారు. మేము 1980లో రైల్వేలో చేరి, ఈ ఖనిజం వ్యాగన్ల లెక్కలు రాస్తూ హోస్పేట, తోరణగల్లు చుట్టూనే సర్వీసు గడిపాం. ఆ రోజుల్లో ఊరికి ఫోను అంటే ట్రంక్ కాల్. పోస్టాఫీసులో బుక్ చేసి బెంచీ మీద కూర్చోవాలి. అందులో పి.పి. కాల్ అని ఒకటి ఉండేది, అంటే పర్టిక్యులర్ పర్సన్. ఫలానా మనిషే లైన్లోకి రావాలని చెప్పి, దానికి కొంత ఎక్కువ కట్టేవాళ్ళం.

తరవాత ఆ పి.పి. అనే మాట మన ఇళ్ళలో ఇంకో అర్థంతో నిలిచింది. ఇంట్లో ఫోను లేనివాళ్ళు పక్కింటివాళ్ళ నంబరు రాసుకుని దాని పక్కన పి.పి. అని పెట్టేవాళ్ళు. ఫోను వస్తే పక్కింటి పిల్లాడు పరుగెత్తుకొచ్చి పిలిచేవాడు. మంచి వార్త, చెడ్డ వార్త అన్నీ ఆ ఇంటి హాల్లోనే వినేవాళ్ళం. బదిలీ అయితే ఆ నంబరు అక్కడే ఉండిపోయేది. నంబరు ఇంటిది గాని మనిషిది కాదు.

మన దేశంలో మొదటి సెల్ కాల్ 1995 జూలై 31న. కలకత్తా నుంచి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. అప్పుడు వచ్చే కాల్‌కు కూడా డబ్బే, కాబట్టి మనలాంటి వాళ్ళు దాని జోలికి పోలేదు. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. దాంతో గుమాస్తా చేతిలోకీ, గని కూలీ చేతిలోకీ సెల్ వచ్చింది. నంబరు మనిషిది అయింది.

2005 చివర్లో 'లైఫ్‌టైం' పథకాలు వచ్చాయి. 999 రూపాయలు ఒక్కసారి కడితే ఇన్‌కమింగ్‌కు గడువు లేదన్నారు. మేమూ తీసుకున్నాం. లైఫ్‌టైం అంటే మన ఆయుష్షు అనుకున్నాం. కంపెనీ లైసెన్సు ఆయుష్షు అని తరవాత తెలిసింది.

2013లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక మంచి నియమం పెట్టింది. వరుసగా 90 రోజులు ఒక కాల్ గాని, ఒక మెసేజి గాని, డేటా గాని ఏమీ లేకపోతేనే ప్రీపెయిడ్ నంబరు తీసేయాలి. అప్పటికీ ఖాతాలో కనీసం 20 రూపాయలుంటే తీసేయకూడదు, ఆ 20 పట్టుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. తీసేశాక కూడా తిరిగి అడగడానికి 15 రోజులు వ్యవధి ఇవ్వాలి. అయితే 2018 చివర్లో కంపెనీలు కనీస నెలవారీ రీచార్జి తెచ్చాయి. 28 రోజులకు 35 రూపాయలు కట్టకపోతే ముందు అవుట్‌గోయింగ్, తరవాత ఇన్‌కమింగ్ ఆగిపోతాయని మెసేజిలు వచ్చాయి.

సరిగ్గా అప్పుడే మేము దెబ్బతిన్నాం. 2018లో రిటైరై, డిసెంబరులో మెల్‌బోర్న్‌లో కూతురింటికి పోయాం, ఎనిమిది నెలలు. పాత ఫోను ఆఫ్ చేసి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాం. లైఫ్‌టైం కదా అనే ధైర్యం. తిరిగొచ్చి చూస్తే సిగ్నల్ లేదు. మా ఆవిడ ఫోన్లోంచి మా నంబరుకే చేశాం. అటువైపు ఎవరో కుర్రాడు కన్నడలో "యారు బేకు?" అన్నాడు. పదమూడేళ్ళు మాదైన నంబరు. ఆ పిల్లాడి తప్పేమీ లేదు.

పెన్షన్ బ్యాంకు, ఆధార్, గ్యాస్ అన్నిటికీ అదే నంబరు. ఒక్కొక్కటీ మార్చుకోవడానికి రెండు నెలలు తిరిగాం. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ గడువు దగ్గర పడింది. అదీ ఎలాగో అయింది. కానిది ఒకటుంది. మాతో పాటు 1980లో చేరిన స్నేహితుడు ఒకడు గుంతకల్లులో స్థిరపడ్డాడు. వాడి దగ్గరున్నది మా పాత నంబరు ఒక్కటే. ఆ వేసవిలో వాడు పోయాడు. వాళ్ళబ్బాయి మూడుసార్లు చేశాడట, మొదట స్విచ్ ఆఫ్, తరవాత ఈ నంబరు లేదు అని వచ్చిందట. మాకు దీపావళికి ఎవరో చెబితే తెలిసింది.

2023లో సుప్రీంకోర్టులో ఇలాంటి కేసే వచ్చింది. తీసేసిన నంబరును కనీసం 90 రోజులు ఎవరికీ ఇవ్వరని ట్రాయ్ అక్కడ చెప్పింది. అంటే వాడకుండా 90, ఖాళీగా 90. మనవాళ్ళు పిల్లల దగ్గర ఉండి వచ్చే ఆరు నెలలు అందులోనే అయిపోతాయి.

ఇప్పుడు దారి కొంచెం నయం. 2024 డిసెంబరు 23న ట్రాయ్ ఇచ్చిన ఆదేశంతో డేటా లేకుండా మాట, మెసేజి మాత్రమే ఉండే ప్యాకులు కంపెనీలు ఇవ్వాలి, గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు. కాబట్టి బయలుదేరేవాళ్ళు ఇవి చేయండి:

ఒకటి, తిరిగొచ్చే తేదీ దాటి ఇంకో నెల దాకా గడువు ఉండేలా రీచార్జి వేయండి.

రెండు, ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించండి. అక్కడ మెసేజి అందుకోవడానికి ఛార్జీ ఉందా అని ముందే అడగండి. డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి, లేకపోతే బిల్లు చూసి గుండె ఆగుతుంది.

మూడు, సిమ్ము వెంట తీసుకుపోండి. నెలకోసారైనా ఫోన్లో వేసి ఒక మెసేజి పంపండి. 90 రోజులు దాటనివ్వద్దు.

నాలుగు, అక్కడే స్థిరపడిన పిల్లలకు చెప్పండి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, ఎమిరేట్స్ సహా పది దేశాల నంబర్లతో ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాలకు యూపీఐ పెట్టుకునే వీలు 2023 జనవరిలో వచ్చింది. ఆధార్ ఓటీపీకి మాత్రం ఇక్కడి నంబరే ఉంచుకోవాలి.

కొందరు సిమ్మును పక్కింట్లో ఇచ్చి, ఓటీపీ వస్తే వాట్సాప్‌లో చెప్పమంటున్నారు. అది పాత పి.పి. పద్ధతే. పక్కింటివాళ్ళు మంచివాళ్ళే, కాదనం. కాని ఆ రోజుల్లో ఫోన్లో వచ్చేది కబురు, ఈ రోజు వచ్చేది బీరువా తాళం. మంచివాళ్ళ చేతిలో కూడా పెట్టొద్దు.

వచ్చే ఆదివారం సంఘం హాల్లో పదకొండు గంటలకు ఉంటాం. ప్రయాణం ఉన్నవాళ్ళు ఫోను తీసుకురండి, రోమింగ్ ఎలా పెట్టాలో కలిసి చూద్దాం. పాత స్నేహితుల నంబర్లు ఒక కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. మేము ఇప్పుడు డైరీలో రాస్తున్నాం, మొదటి పేజీలో గుంతకల్లు అబ్బాయి నంబరు ఉంది.