మొక్కల రసాయనాలకు మార్పులు – సూక్ష్మజీవ నిరోధక పరీక్షలు

ఔషధాలకు లొంగని బ్యాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది మరణించారని అంచనా. ఈ నేపథ్యంలో శాస్త్రవేత్తలు మొక్కల రసాయనాలకు మార్పులు చేసి పరీక్షిస్తున్నారు.

మానుపసుపు, దారుహరిద్ర వంటి మొక్కల్లో లభించే బెర్బెరిన్ ఇందుకు ఉదాహరణ. దీనికి సూక్ష్మజీవులను నిరోధించే గుణం ఉంది. అయితే స్టెఫైలోకోకస్ ఆరియస్ బ్యాక్టీరియా నార్-ఎ అనే ప్రోటీన్ సాయంతో దీనిని కణం వెలుపలికి నెట్టివేస్తుంది. అందుకే ఆ ప్రోటీన్‌ను అడ్డుకొనే మరో అణువును బెర్బెరిన్‌కు జోడించి కొత్త సమ్మేళనాలను రూపొందించారు.

పరీక్షలో సమ్మేళనాన్ని పోషక ద్రావణంలో అంచెలంచెలుగా సగానికి పలుచన చేసి, ప్రతి గాఢతలోనూ బ్యాక్టీరియాను చేరుస్తారు. సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్ద 16 నుంచి 20 గంటలు ఉంచుతారు. బ్యాక్టీరియా పెరిగితే ద్రావణం మసకబారుతుంది. తేటగా నిలిచిన అత్యల్ప గాఢతే కనిష్ఠ నిరోధక గాఢత. ఇది ఎంత తక్కువైతే సమ్మేళనం అంత శక్తిమంతం. మార్పు చేయని బెర్బెరిన్‌నూ, ప్రామాణిక యాంటీబయాటిక్‌నూ ఇదే విధంగా పరీక్షించి ఫలితాలను పోల్చుతారు.

బ్యాక్టీరియాను అణచిన గాఢత మానవ కణాలకూ హాని చేస్తే ఆ సమ్మేళనం ఔషధంగా పనికిరాదు. కణాలపైన, జంతువులపైన, చివరకు మనుషులపైన జరిపే పరీక్షల్లో భద్రత, సామర్థ్యం రుజువైన తర్వాతే దానికి ఔషధంగా అనుమతి లభిస్తుంది.