ఊరి పేర్లలో ఒదిగిన భాష

ఫ్రాన్సు దేశపటంలో పడమటి దిక్కున, సముద్రంలోకి మూతి చాచినట్లు కనబడే నేల బ్రిటనీ. ఫ్రెంచివారు బ్రెతాన్ అంటారు. ఆ నేల సొంత భాషలో దాని పేరు బ్రేజ్. మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా రెన్ నగరంలో ఉండడంచేత రెండు వేసవులు అక్కడ గడిపే అవకాశం కలిగింది. వారాంతాల్లో వాళ్ళు కారులో ఏదో ఒక పల్లెకు తీసుకువెళ్ళేవారు. నా మోకాళ్ళు ఓర్చుకున్నంత మేర, అంటే రోజుకు ఏడెనిమిది కిలోమీటర్లు, నడిచేవాణ్ణి. ప్యారిస్ గురించి మనవాళ్ళు చాలామంది చక్కగా రాశారు. ఈ పల్లెసీమ గురించి నాలుగు మాటలు నేను రాస్తాను.

తెలుగు పండితుడిగా జీవితమంతా వ్యాకరణం చెప్పినవాడికి ఏ దేశం వెళ్ళినా కన్ను ముందు అక్షరాల మీదికే పోతుంది. బ్రిటనీలో దారి పక్క ఫలకాలు చూడడమే నాకు మొదటి విహారమైంది. 'కేర్' అని మొదలయ్యే పేర్లు వందలూ వేలూ ఉన్నాయి. కేర్ అంటే ఇల్లు, పల్లె. 'ప్లూ' అంటే ఒక చర్చి కింద ఉండే ఊరి జనసమూహం; ప్రజ అనే అర్థంగల లాటిన్ మాట నుంచి వచ్చింది. 'లాన్' పుణ్యస్థలం. 'మెనేజ్' కొండ. క్రీస్తుశకం అయిదారు శతాబ్దాలలో బ్రిటన్ ద్వీపం నుంచి సముద్రం దాటి వచ్చిన కెల్టిక్ జనం తెచ్చుకున్న భాష ఇది. వేల్స్ దేశపు భాషకు తోబుట్టువు, ఫ్రెంచికి దూరపు చుట్టం మాత్రమే. 1532లో ఆ డచీ ఫ్రాన్సు రాజ్యంలో కలిసిపోయినా పల్లెల నోట భాష మారలేదు.

నన్ను నిలబెట్టేసిన విషయం మరొకటి ఉంది. ఈ భాషలో పదాది హల్లు మారుతుంది. 'తాద్' అంటే తండ్రి. 'నీ తండ్రి' అనాలంటే 'ద దాద్' అంటారు. కేర్‌కు ముందు ఉపపదం చేరితే 'అర్ గేర్'. కకారానికి గకారం, తకారానికి దకారం, పకారానికి బకారం! ఇదేమి వింత, మన గసడదవాదేశం లాంటిదే కదా అనుకున్నాను. మనం కూర, కాయలు కలిపి కూరగాయలు అంటాం. తల్లి, తండ్రి కలిపి తల్లిదండ్రులు అంటాం. ఈ రెండు భాషలకూ చుట్టరికం లేదన్నది స్పష్టం, చుట్టరికం కలపబోవడం నా ఉద్దేశమూ కాదు. మనిషి నాలుక ఎక్కడైనా ఒకే విధంగా సుఖం కోరుకుంటుంది కాబోలు. దీనికి సాక్ష్యం చూడాలంటే యుయెల్‌గ్వాత్ అనే ఊరికి వెళ్ళాలి. 'ఉహెల్' అంటే ఎత్తైన, 'కోవాద్' అంటే అడవి. రెండూ కలిసేటప్పుడు కకారం గకారమై ఊరి పేరులో స్థిరపడిపోయింది. పేరుకు తగ్గట్టే అక్కడ అడవి ఉంది. ఏనుగులంత గుండురాళ్ళ మధ్య నుంచి ఏరు దూరి పోతుంది. నూరు టన్నులకు పైబడిన ఒక బండను సరైన చోట వీపు ఆనించి తోస్తే కదులుతుంది. మా మనవడు కదిలించాడు, నేను చూశాను. 1987 అక్టోబరు తుపానులో ఆ అడవిలో చాలా భాగం కూలిపోయిందట. ఇప్పుడున్న చెట్లలో ఎక్కువ ఆ తరువాత పెరిగినవే.

రాళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి కార్నాక్ సంగతి. సుమారు మూడువేల నిలువురాళ్ళు, వరుసలు వరుసలుగా, దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవునా నిలిచి ఉన్నాయి. వాటి వయసు ఆరువేల సంవత్సరాల పైమాటే. 2025లో యునెస్కో వాటిని, మొర్బియాఁ తీరంలోని తక్కిన బృహచ్ఛిలలతో కలిపి, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే సంవత్సరం మన ముడుమాల్ నిలువురాళ్ళు, కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లాలో ఉన్నవి, భారతదేశపు తాత్కాలిక జాబితాలో చేరాయి. కార్నాక్ రాళ్ళ గురించి అక్కడి పల్లెవాసులు చెప్పే కథ ఇది: కొర్నెలీ అనే సాధువును రోమన్ సైనికులు తరుముకొస్తే, ఆయన వెనక్కి తిరిగి వారందరినీ రాళ్ళు చేశాడట. అహల్య కథ పుట్టిన దేశంవాడికి ఇందులో నమ్మలేనిదేమీ కనబడదు. ప్రపంచమంతా వాడే 'మెన్‌హిర్' అనే మాట బ్రెటన్ పదాలతో పద్దెనిమిదో శతాబ్దం చివర పండితులు కూర్చినది. 'మెన్' రాయి, 'హిర్' పొడవు. పల్లెవాళ్ళ మాట 'పెల్వాన్'. పండితులు చేసిన మాట దేశాలు తిరిగింది, జనం మాట పొలంలోనే ఉండిపోయింది. ఇది మనకూ అనుభవమే.

కార్నాక్ కంటె నన్ను ఎక్కువ కదిలించినది అక్కడికి దగ్గరలోని లొక్మరియకేర్. దాదాపు ఇరవై మీటర్ల పొడవు, సుమారు మూడువందల టన్నుల బరువుగల నిలువురాయి అక్కడ నాలుగు ముక్కలై నేలమీద పడి ఉంది. పక్కనే ఒక రాతి సమాధి. దాని పైకప్పు ఒకే బండ. ఆ బండ అడుగున గొడ్డలి బొమ్మ, ఒక జంతువు కాళ్ళు చెక్కి ఉన్నాయి. జంతువు తల లేదు. ఏళ్ళ తరబడి చూసినవారందరూ చూసి ఊరుకున్నారు. అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, పడవెక్కి వెళ్ళవలసిన గవ్రినీస్ అనే చిన్న దీవిలో మరొక సమాధి ఉంది. 1984లో పురాతత్త్వవేత్త షార్ల్ తాంగీ ల రూ దాని పైకప్పు మీది మట్టి తొలగించి చూస్తే, కొమ్ములు తిరిగిన పశువు బొమ్మ బయటపడింది. ఈ రెండు బండలూ ఒకప్పుడు ఒకే నిలువురాయి! ఎవరో దానిని పడగొట్టి, ముక్కలు చేసి, రెండు సమాధులకు కప్పులుగా వాడుకున్నారు. పెద్దలు పూజించినదాన్ని పిల్లలు కూలగొట్టి ఇంటికి వాడుకోవడం అప్పుడే మొదలైందన్నమాట. గవ్రినీస్ సమాధి లోపల ఇరవైతొమ్మిది రాళ్ళలో ఇరవైమూడింటి మీద వేలిముద్రలను పెద్దవి చేసినట్లు గీతలు చెక్కారు. దీపం పక్కనుంచి వేసి చూపిస్తే అవి నీటి అలల్లా కదిలాయి.

నడకకు అన్నిటికంటె అనువైనది నాంత్ నుంచి బ్రెస్త్ వరకు పోయే కాలువగట్టు. ఏటవాలు లేదు, మోటారు వాహనాల గొడవ లేదు, చెట్ల నీడ ఉంది. ఇంగ్లండు నౌకలు బ్రెస్త్ రేవును దిగ్బంధం చేస్తున్న కాలంలో, సముద్రంతో పని లేకుండా లోపలి దారిన సరుకు చేరవేయడానికి నెపోలియన్ 1811లో ఈ పనికి ఆజ్ఞ ఇచ్చాడు. పూర్తయ్యేసరికి 1842. యుద్ధమూ లేదు, నెపోలియనూ లేడు. మూడువందల అరవై కిలోమీటర్ల పొడవు, రెండువందల ముప్ఫై పైచిలుకు లాకులు. గుర్రాలూ మనుషులూ తాళ్ళతో పడవలు లాగిన బాట మీదనే ఇప్పుడు సైకిళ్ళు తిరుగుతున్నాయి. మన బకింగ్‌హాం కాలువ గట్టున పడవ లాగేవారిని చూసిన తరం నాది. ఆ తాడు ఒరిపిడి ఎలాంటిదో తెలుసు. గ్లొమెల్ దగ్గర గట్టు రెండు పక్కలా కొండలా లేచి, కాలువ లోయలోకి దిగిపోతుంది. దాదాపు మూడు కిలోమీటర్ల ఆ కోతను 1823 నుంచి 1832 వరకు బ్రెస్త్ జైలు ఖైదీలచేత తవ్వించారు. ఇప్పుడక్కడ నీడ చల్లగా, పక్షుల కూతతో ఎంతో హాయిగా ఉంటుంది. ఆ హాయి మీద నాకు కొంచెం అనుమానం కలిగింది. ఇంకా ముందుకు పోతే గెర్లెదాఁ ఆనకట్ట. 1930లో అది పూర్తయ్యాక పదిహేడు లాకులు నీటిలో మునిగి కాలువ రెండుగా తెగిపోయింది. 2015లో మరమ్మతుల కోసం జలాశయం ఖాళీ చేసినప్పుడు మునిగిన లాకులూ, లాకుకాపరుల ఇళ్ళ గోడలూ బయటపడితే లక్షలాది జనం వెళ్ళి చూశారు.

కలిగిన ఊళ్ళు కూడా ఉండేవి. ఉత్తరాన లెయోఁ సీమలో అవిసెనార బట్ట నేసి, మొర్లే రేవు నుంచి ఇంగ్లండుకూ స్పెయినుకూ పంపి పదహారు, పదిహేడు శతాబ్దాలలో రైతులు ధనవంతులయ్యారు. ఆ ధనాన్ని చర్చి ప్రాకారాల మీద పోశారు, పొరుగూరి కంటె తమదే మిన్నగా ఉండాలని. గిమిలియోలో 1581-88 మధ్య కట్టిన రాతి మండపం మీద రెండువందల దాకా బొమ్మలున్నాయి. మన గోపురాల మీది శిల్పాల మాదిరే, చదువురాని భక్తుడికి అది పుస్తకం. దక్షిణాన పోఁ లాబే ఊళ్ళో లాంబూర్ చర్చిది వేరే కథ. 1675లో ముద్రకాగితం పన్ను మీద రైతులు తిరగబడ్డారు. గంటలు మోగించి ఊళ్ళను కూడగట్టారు. అణచివేశాక గవర్నరు షోన్ డ్యూకు ఆ సీమలోని చర్చి శిఖరాలను పడగొట్టించాడు. లాంబూర్ గోపురం నేటికీ బోడిగా నిలిచి ఉంది.

గోపురం కొడితే కనబడుతుంది, మాటను కొడితే కనబడదు. పందొమ్మిదో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు బ్రిటనీ బడుల్లో ఒక ఆచారం ఉండేది. బ్రెటన్ మాట నోరు జారిన పిల్లవాడి మెడలో ఒక చెక్కజోడో, మరో వస్తువో కట్టేవారు. దాన్ని వదిలించుకోవాలంటే వాడు బ్రెటన్ మాట్లాడే మరొకణ్ణి పట్టివ్వాలి. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి శిక్ష. పియెర్ జకెజ్ ఎలియాస్ 1975లో అచ్చయిన తన స్వీయకథలో దీని గురించి రాశాడు. నా మనసు విరిచిన సంగతి ఏమిటంటే, అలా కట్టిన ఉపాధ్యాయులలో చాలామంది ఇంట్లో బ్రెటన్ మాట్లాడే రైతుబిడ్డలే. పిల్లలు బాగుపడాలనే చేశారు. బాగుపడాలంటే ఫ్రెంచి రావాలని తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. 2009లో మన మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన వార్త మిత్రులకు గుర్తుండే ఉంటుంది. ఆ పలకలు కట్టినవారు కూడా తెలుగువారే.

1464లోనే జెహాన్ లగదెక్ బ్రెటన్, ఫ్రెంచి, లాటిన్ మూడు భాషల నిఘంటువు సంకలనం చేశాడు. 1499లో త్రెగియే పట్టణంలో అచ్చయింది. ఫ్రెంచికి కూడా అదే తొలి నిఘంటువు అంటారు. అంతటి భాషను ఇరవయ్యో శతాబ్దం మధ్యలో పదిలక్షల మంది మాట్లాడేవారు. 2018 సర్వేలో రెండు లక్షలు, 2024 సర్వేలో లక్షా ఏడువేలు. వారిలోనూ ఎక్కువమంది వృద్ధులు. ఫలకాల మీద మాత్రం రెండు భాషల్లోనూ ఊరి పేర్లు నిగనిగలాడుతున్నాయి. ఫలకం చదివే నాబోటి యాత్రికుడికి అది అందంగానే ఉంటుంది.

1977లో కొందరు తల్లిదండ్రులు 'దివాన్' అనే పేరుతో బ్రెటన్ మాధ్యమంలో బడులు మొదలుపెట్టారు. మన మంత్రిగారి మాట కాదు. వారి భాషలో దివాన్ అంటే మొలకెత్తడం. 2021లో ఫ్రాన్సు రాజ్యాంగమండలి పూర్తి మాధ్యమ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అయినా ఆ బడులు నడుస్తున్నాయి. వాటికి నిధులు సమకూర్చడానికి 2008 నుంచి రెండేళ్ళకొకసారి 'రెదదెగ్' అనే పరుగు జరుగుతుంది. రాత్రింబగళ్ళు ఆగకుండా, చేతులు మారుతూ, రెండువేల కిలోమీటర్లకు పైగా పల్లెల మీదుగా ఒక కర్ర ప్రయాణం చేస్తుంది. కిలోమీటరును కొనుక్కున్నవారు ఆ దూరం కర్ర పట్టుకుని పరుగెత్తుతారు. కర్ర లోపల ఒక సందేశం ఉంటుంది. చివరి ఊరు చేరేదాకా దానిని ఎవరూ విప్పరు. చేరాక జనం మధ్య గట్టిగా చదువుతారు, బ్రెటన్‌లో.