చిల్లుల రేకు: కంది జల్లెడ నుంచి క్యాడ్ తెర దాకా

ఒకే కొలత చిల్లులు ఒకే ఎడంలో వరుసగా పడిన లోహపు పలక చిల్లుల రేకు. మిల్లుల్లో, హార్డ్‌వేర్ దుకాణాల్లో దీన్ని జాలీ అనీ, పర్ఫొరేటెడ్ షీటు అనీ అంటారు. గింజలు జల్లించడానికి, గాలి ఆడడానికి, చప్పుడు తగ్గించడానికి, తిరిగే చక్రాలకు అడ్డుగా బిగించడానికి దీన్ని వాడతారు. రేకును కొట్టేవారికీ, కాగితం మీద గీసేవారికీ, కంప్యూటర్‌లో నమూనా చేసేవారికీ ఎదురయ్యే చిక్కు ఒక్కటే. చిల్లులు వేలల్లో ఉంటాయి, వాటి వెనుక ఉండే లెక్క మాత్రం రెండు మూడు అంకెలకు మించదు. ఆ అంకెలతోనే పని గడుపుకోవడం ఎలాగో ఒక్కో తరం ఒక్కో విధంగా నేర్చుకుంది.

కంది నేలలో జల్లెడ

వికారాబాద్ జిల్లాలో ఈ రేకుకు కందితోనే ఎక్కువ పని. పూడూరు నుంచి తాండూరు దాకా కంది ముఖ్యమైన పంట. తాండూరు చుట్టుపక్కల సున్నపురాయి పొరల మీది నల్లరేగడిలో పండే కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. నిజాం కాలంలో 1874లో వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం మొదలయ్యాక వికారాబాద్, తాండూరు స్టేషన్ల నుంచి సరుకు బయటి ఊళ్లకు పోవడం సులువైంది. తాండూరు నాపరాళ్లకూ కందిపప్పుకూ పేరున్న వ్యాపార కేంద్రమైంది.

మిల్లులు రాకముందు పప్పు చేయడం ఇంటి పనే. కందులను నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి ఎండబోసేవారు, లేదా నూనె రాసి ఎండబెట్టేవారు. పొట్టు వదులయ్యాక ఇసుర్రాయిలో విసిరి, చాటతో చెరిగి, జల్లెడ పట్టేవారు. పొట్టు చాటతో పోయేది, నూక జల్లెడ కిందికి దిగేది, బద్ద పైన నిలిచేది. జల్లెడ అడుగు వెదురు బద్దల అల్లికగానో, చిల్లులు కొట్టిన రేకుగానో ఉండేది. పాత డబ్బాల రేకును సాపు చేసి, గీతలు గీసి, గీతలు కలిసిన ప్రతిచోటా మొలతో కొట్టి చిల్లులు వేసేవారు. మొల దిగిన వైపు రేకు నున్నగా ఉంటుంది, అవతలి వైపు కోరలు లేస్తాయి. నున్నని వైపు పైకి పెడితే అది జల్లెడ, కోరల వైపు పైకి పెడితే తురుముకోరు.

మిల్లు అడిగిన కొలతలు

పప్పు మిల్లులు వచ్చాక ఆ ఒక్క జల్లెడ పనిని చాలా జాలీలు పంచుకున్నాయి. మట్టి, రాళ్లు పోవడానికి ఒకటి, గింజలను లావు సన్నం వేరు చేయడానికి మరికొన్ని, నూకకూ, పొట్టు పొడి కలిసిన చున్నికీ వేరేవి. గింజలు ఒకే లావున లేకపోతే పొట్టు తీసే ఎమరీ రోలర్ కింద లావు గింజ నలిగిపోతుంది, సన్నగింజ పొట్టు వదలకుండానే జారిపోతుంది. అందుకే గింజలను ముందే జాలీ పట్టడం మీద మిల్లు రాబడి చాలావరకు ఆధారపడుతుంది.

చిల్లు ఆకారం కూడా పనిని బట్టే ఉంటుంది. గుండ్రటి చిల్లు గింజను వెడల్పు ప్రకారం ఆపుతుంది, పొడుగు సందు మందం ప్రకారం ఆపుతుంది. పొట్టు ఊడినా విడిపోని కందిని మిల్లుల్లో గోటా అంటారు. గోటాదీ బద్దదీ వెడల్పు దాదాపు ఒకటే కాబట్టి గుండ్రటి చిల్లు వాటిని వేరు చేయలేదు. బద్ద మందం గోటాలో సగమే. పొడుగు సందుల జాలీ మీద బద్ద కిందికి జారుతుంది, గోటా పైనే ఉండి మళ్లీ రోలర్‌కు పోతుంది.

ఈ జాలీలను ప్రెస్సు మీద పంచ్ (గుచ్చే పైభాగం), డై (చిల్లున్న అడుగు దిమ్మె) జోడీతో కొడతారు. పంచ్ దిగిన వైపు చిల్లు సరిగ్గా పంచ్ కొలతకు వస్తుంది, డై వైపు కాస్త వెడల్పుగా తెగుతుంది. పంచ్ వైపు పైకి వచ్చేలా బిగిస్తే లోపలికి దూరిన గింజ ఇరుక్కోకుండా పడిపోతుంది, తిరగేస్తే చిల్లులు పూడుకుపోతాయి. రేకు మందం కంటే చిన్న చిల్లు కొట్టబోతే పంచ్ తరచూ విరుగుతుంది. అందుకే మందపు రేకులో సన్నచిల్లులు అంత సులభంగా దొరకవు. పరీక్షకు వాడే జల్లెడల కొలతలకు దేశంలో ఐఎస్ 460 అనే ప్రమాణం ఉంది. అందులో రెండో భాగం చిల్లుల పలకలకే కేటాయించారు.

కాగితం మీద క్లుప్తం

హైదరాబాదులో రేకు పని పెద్ద పరిశ్రమగా ఎదగడంలో 1942లో మొదలైన ఆల్విన్ మెటల్ వర్క్స్‌కు పెద్ద పాత్ర ఉంది. ఉక్కు బీరువాలు, బస్సు బాడీలు, తర్వాత ఫ్రిజ్‌లు అక్కడ తయారయ్యాయి. అలాంటి కర్మాగారాలకు పనిముట్లు, డైలు తయారుచేసే నిపుణుల కోసం 1968లో బాలానగర్‌లో కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ ఏర్పడింది. సీఐటీడీగా పేరొందిన ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థ తోడ్పడ్డాయి.

ఇలాంటి చోట్ల డ్రాయింగ్ బోర్డు మీద చిల్లుల రేకును ఎవరూ పూర్తిగా గీయలేదు. రేకు అంచు గీసి, ఒక మూలన నాలుగైదు చిల్లులు చూపి, మిగతా చోట మధ్యగీతలు మాత్రం ఉంచి, పక్కన చిల్లు వ్యాసం, పిచ్, వరుసల కోణం రాసేవారు. పిచ్ అంటే ఒక చిల్లు కేంద్రం నుంచి పక్క చిల్లు కేంద్రానికి ఉన్న దూరం. పునరావృతమయ్యే ఆకారాలను ఇలా క్లుప్తంగా చూపే పద్ధతి ఇంజనీరింగ్ డ్రాయింగ్ ప్రమాణాల్లోనే ఉంది.

ఆ అంకెల నుంచే రేకులో ఖాళీ ఎంతో తేలుతుంది. గుండ్రటి చిల్లులు 60 డిగ్రీల వరుసల్లో ఉంటే వ్యాసం వర్గాన్ని పిచ్ వర్గంతో భాగించి 90.69తో గుణిస్తే ఖాళీ శాతం వస్తుంది. 4 మిల్లీమీటర్ల చిల్లు, 6 మిల్లీమీటర్ల పిచ్ అనుకుంటే రేకులో దాదాపు 40 శాతం ఖాళీయే. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవున్న అలాంటి రేకులో సుమారు 64,000 చిల్లులు పడతాయి.

కంప్యూటర్ వచ్చాక

ఒక్కటి గీసి మిగతావాటిని దాని నకళ్లుగా ఉంచడం కంప్యూటర్ డ్రాయింగ్‌లో మొదటి నుంచీ ఉన్న ఆలోచనే. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్‌లో మూలచిత్రాన్ని మారిస్తే దాని నకళ్లన్నీ మారేవి. ఆయన తన సిద్ధాంత గ్రంథంలో షట్కోణాల అల్లికనే ఉదాహరణగా చూపాడు. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ ఈ సౌకర్యాన్ని మామూలు కంప్యూటర్ల మీదికి తెచ్చింది. హైదరాబాదులో క్యాడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంటర్‌గ్రాఫ్ 1987లో అడుగుపెట్టింది. 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డి ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ స్థాపించారు. క్యాడ్, అంటే కంప్యూటర్ మీద డిజైన్ చేసే పని, నగరంలో ఉపాధి అయింది.

చిక్కు ఘనరూప నమూనాలతో మొదలైంది. 1980ల చివర ప్రో ఇంజనీర్, 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చాక రేకును గీతలుగా కాక నిజమైన వస్తువుగా నిర్మించడం అలవాటైంది. అందులో ఒక్కో చిల్లు కనీసం ఒక కొత్త తలాన్ని, రెండు కొత్త అంచులను తెస్తుంది. పై ఉదాహరణలోని రేకుకు 64,000 తలాలు చేరతాయి. చిన్న మార్పు చేసినా వాటన్నిటినీ మళ్లీ లెక్కించాలి. అలాంటి రేకులు నాలుగు ఒక యంత్రంలో ఉంటే ఫైలు తెరవడానికే చాలాసేపు పడుతుంది.

దీన్ని దాటడానికి డిజైనర్లు పట్టిన దారి పాత డ్రాయింగ్ బోర్డు దారే. నమూనా ఎందుకో ముందు తేల్చుకుంటారు. చూడడానికే అయితే చిల్లులు లేని రేకుకు చిల్లుల బొమ్మను పూతగా అద్దుతారు. బరువు లెక్కకైతే సాంద్రతను తగ్గిస్తారు. 40 శాతం ఖాళీ ఉన్న ఉక్కు రేకుకు ఘనపు మీటరుకు 7,850 కిలోలకు బదులు దాదాపు 4,690 కిలోలు ఇస్తే సరిపోతుంది. బలం లెక్కలకూ ఇలాంటి మార్గమే ఉంది. చిల్లుల పలకను చిల్లులు లేని సమాన పలకగా భావించి, దాని స్థితిస్థాపక గుణాలను తగ్గించి లెక్కించే పద్ధతిని ఓడొనెల్, లాంగర్ 1962లోనే ప్రచురించారు. ఉష్ణ వినిమయ యంత్రాల గొట్టపు పలకల కోసం రూపొందిన ఆ పద్ధతి కంప్యూటర్ విశ్లేషణలోనూ పనికొచ్చింది.

చిల్లులు నిజంగానే కావలసినప్పుడు ఒక చిల్లును ఒక వరుసగా, ఆ వరుసను రేకంతటా ప్యాటర్న్ చేస్తారు, అంటే ఒకే ఎడంలో నకళ్లుగా పరుస్తారు. హద్దు లోపల చిల్లులను తనంతట తానే నింపే ఫిల్ ప్యాటర్న్‌లో వరుసల కోణం, పిచ్, అంచు నుంచి ఎడం ఇస్తే చాలు. చిల్లులన్నీ ఒకేలా ఉన్నాయని ముందే చెప్పే ఐచ్ఛికాన్ని ఎంచుకుంటే ఒక్కోదాన్నీ విడిగా లెక్కించే శ్రమ తప్పుతుంది. ప్యాటర్న్‌ను నమూనా నిర్మాణ వరుసలో చివరన ఉంచి, భాగాలన్నీ కూర్చిన అసెంబ్లీలో దాన్ని అణచిపెట్టే మరో రూపాన్ని సిద్ధం చేస్తారు. వంపు పడే చోట చిల్లులు సాగిపోతాయి కాబట్టి ఆ పట్టీని చిల్లులు లేకుండా వదులుతారు.

చిల్లులు కొట్టిన రేకును సిద్ధంగా కొని, కత్తిరించి, వంచే చోట తయారీదారుకు పంపే ఫైలులో అంచు గీత ఉంటే చాలు. పంచ్ వైపు ఎటు ఉండాలో, వరుసలు ఏ దిశలో సాగాలో పక్కన రాయాలి. చిల్లు మొదలు నుంచి చివరిదాకా ఒకే వెడల్పున ఉన్నట్టు నమూనా చూపుతుంది కనుక పంచ్ వైపు ఏదో అది చెప్పదు. జల్లెడగా బిగించే జాలీకి ఆ ఒక్క మాట రాయకపోతే తెర మీది నమూనా ఎంత పక్కాగా ఉన్నా మిల్లులో గింజలు ఇరుక్కుంటాయి. అందువల్ల చిల్లు ఆకారం, కొలత, పిచ్, వరుసల దిశ, రేకు మందం, పంచ్ వైపు అనే ఆరు వివరాలు డ్రాయింగ్‌లో ఉండి తీరాలి. వేలాది చిల్లులను నమూనాలో చూపడం పని అడిగినప్పుడు మాత్రమే అవసరం.