పాలంపేటలో తోట ఎక్కడుంది?

మన పాతవాళ్లు సప్తసంతానాలని ఒక లెక్క రాసుకున్నారు. కొడుకు, చెరువు, గుడి, తోట, కావ్యం, నిధి, అగ్రహారం. మనిషి పోయాక పేరు నిలిపేవి ఈ ఏడూ అన్నమాట. ఆ లెక్క పట్టుకుని పాలంపేట చరిత్ర చూసినప్పుడల్లా నాకో సందేహం వస్తుంది. రామప్ప గుడి ఉంది, దగ్గర్లోనే రామప్ప చెరువుంది. మరి తోట ఏది?

గుడి సంగతి అందరికీ తెలిసిందే. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని శాసనం చెబుతోంది. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పునాది కింద ఇసుక నింపారు. మట్టి, ఇసుక లాంటి మామూలు సరుకుతో ఏం చేయొచ్చో ఆ పనివాళ్లకు బాగా తెలుసు.

ఆ తెలివే చెరువులోనూ కనిపిస్తుంది. మూడు వైపులా గుట్టలు, నాలుగో వైపు కట్ట. వానకు గుట్టల మీంచి దిగిన నీళ్లు ఆగుతాయి, తూములోంచి కాలువల్లోకి పారతాయి, ఎక్కువైతే మత్తడి దూకుతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. పల్లానికి పారే నీటి గుణమే ఇంజను.

నీళ్లతోపాటు మట్టీ వస్తుంది. గుట్టల మీది ఆకులు, పశువుల పేడ, సన్నటి ఒండ్రు అన్నీ చెరువు అడుగున పేరుకుంటాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గాక రైతులు ఆ పూడికను బండ్లకెత్తి చెల్కల్లో పోసేవాళ్లు. నీళ్లు నిలవని ఎర్రనేలకు ఒండ్రు బలం. తవ్విన చోట చెరువు లోతయ్యేది. ఇవాళ మనం డాబా మీద పగిలిన బకెట్‌లో వంటింటి చెత్త ఎరువు వేసి టమాటా పెంచుతూ రీసైక్లింగ్ అంటున్నామే, దాన్నే వీళ్లు ఊరంత కొలతలో చేశారు.

నాకు దొరికిన తోట ఇదే. కట్ట కింద వరి, నీళ్లలో చేపలు, తడి గట్ల మీద పొన్నగంటి కూర, నీళ్లు వెనక్కి తగ్గిన శిఖంలో దోస, పుచ్చ. ఏ ఒక్కరూ నాటని తోట.

అలాగని అది అందరి తోట అని తేల్చేయలేను. చెరువు తవ్వించినవారికీ బాగుచేసినవారికీ ఆయకట్టులో పదో వంతు మీద హక్కు కల్పించే దశబంధం అనే పద్ధతి ఉండేది. తూము దగ్గర నీళ్లు పంచే నీరటికి పంటలో వాటా దక్కేది. కానీ వరి, భూమి ఉన్నవాళ్ల గాదెలకే చేరేది. తట్టలు మోసి కట్టపోసినవాళ్లలో చాలామందికి మిగిలింది చేప, కూరాకు, శిఖంలో కాసిన నాలుగు కాయలు. శాసనంలో దాత పేరుంటుంది, తట్ట మోసినవాళ్ల పేర్లుండవు. అందుకే ఆ అంచు పంటలు నాకు చిన్న విషయంగా కనిపించవు. భూమి లేనివాళ్లకు ఆ తోటలో ఉన్న వాటా అదొక్కటే.

బోర్లు, యూరియా వచ్చాక పూడికతో పని తగ్గింది. చెరువులు మెరకెక్కాయి, చాలాచోట్ల శిఖాలు ఆక్రమణల పాలయ్యాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువుల్ని బాగుచేయాలని లెక్కేసుకుంది. రైతులు మళ్లీ ట్రాక్టర్లలో ఒండ్రు తోలుకున్నారు. అయితే యంత్రం పూడికను ఒక్కసారి తీసి వెళ్లిపోతుంది. ఏటేటా తీయడం ఊరి అలవాటు. అలవాటుకు టెండర్ పిలవలేం.

పాలంపేట వెళ్తే గుడి చూసి వెనక్కి తిరక్కండి. కట్ట ఎక్కి ముందు ఆయకట్టు వైపు చూడండి, తర్వాత నీటి అంచుల వైపు చూడండి. అక్కడ ఎవరు ఏం ఏరుకుంటున్నారో గమనిస్తే, ఎనిమిది వందల ఏళ్ల ఆ తోటలో ఇవాళ ఎవరికి ఎంత వాటా ఉందో తెలుస్తుంది.