ఎవరి నవ్వు? ఎవరి కలం?: అమెరికా టీవీలో నల్లజాతి స్కిట్ల చరిత్ర

మనం టీవీలో స్కిట్లు అంటాం కదా, అమెరికాలో దాన్నే స్కెచ్ కామెడీ అంటారు. అక్కడి నల్లజాతి కళాకారులు ఆ స్కిట్లతో ఏం సాధించారో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

ముందు ఒక సంగతి. 19వ శతాబ్దంలో అమెరికాలో మిన్‌స్ట్రెల్ షోలు తెగ ఆడేవి. తెల్లవాళ్లు మొహానికి నల్లరంగు పూసుకుని, నల్లవాళ్లని సోమరులుగా, తెలివితక్కువవాళ్లుగా వెక్కిరించేవాళ్లు. నల్లవాళ్ల పేరుతో నవ్వు పుట్టేది, కానీ ఆ నవ్వు వాళ్ల చేతిలో లేదు.

1970లో ఎన్‌బీసీలో ఫ్లిప్ విల్సన్ షో మొదలైంది. మొదటి రెండు సీజన్లూ రేటింగుల్లో దేశం మొత్తం మీద రెండో స్థానం! ఆయన ఆడవేషం కట్టిన జెరాల్డిన్ పాత్ర ఇంటింటికీ చేరింది. 1977లో అదే ఛానెల్ రిచర్డ్ ప్రయర్‌కి షో ఇచ్చింది. ఆయన జాతివివక్ష మీద సూటిగా మాట్లాడే మనిషి. సెన్సారుతో గొడవలొచ్చాయి. నాలుగంటే నాలుగే ఎపిసోడ్లు నడిచింది.

1990లో కీనెన్ ఐవరీ వేయన్స్ ఫాక్స్‌లో 'ఇన్ లివింగ్ కలర్' మొదలుపెట్టాడు. 1992లో సూపర్ బౌల్ ఫైనల్ విరామంలో దీన్ని లైవ్‌గా వేస్తే, రెండు కోట్ల మందికి పైగా ఛానెల్ మార్చేశారు. దెబ్బకి మరుసటి ఏడాది నిర్వాహకులు మైకేల్ జాక్సన్‌ని దింపారు. ఇంత చేసిన వేయన్స్ కూడా ఛానెల్‌తో పడక బయటికొచ్చేశాడు.

ఇక డేవ్ షాపెల్. 2003లో మొదలైన షో సూపర్ హిట్. ఐదు కోట్ల డాలర్ల ఒప్పందం చేతిలో ఉండగా, 2005లో అన్నీ వదిలి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. ఎందుకు? తనే మొహానికి నల్లరంగు పూసుకుని ఒక స్కిట్ చేస్తుంటే, అక్కడున్న ఒక తెల్లవ్యక్తి నవ్విన తీరు తేడాగా అనిపించిందని తర్వాత ఓప్రా షోలో చెప్పాడు. వివక్షని వెక్కిరిద్దామని రాసిన స్కిట్, చూసేవాడి దగ్గరకెళ్లేసరికి మళ్లీ ఆ పాత మిన్‌స్ట్రెల్ అయిపోతోందేమోనని ఆయన భయం.

నాకు ఈ చరిత్రలో ఇదే ముఖ్యమైన ఘట్టం. రాసే కలం మన చేతిలో ఉన్నంత మాత్రాన నవ్వు మన చేతిలో ఉన్నట్టు కాదు. అయినా కలం లేకపోతే ఆ పోరాటమే లేదు. 'కీ అండ్ పీల్' స్కిట్లతో ఎదిగిన జోర్డన్ పీల్ 'గెట్ అవుట్' రాసి, 2018లో ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి రచయిత అయ్యాడు. 2019లో రాబిన్ థీడ్ నల్లజాతి మహిళలే రాసి, నటించిన స్కిట్ షో తెచ్చింది. జెరాల్డిన్‌గా మగాడు చీరకొంగు సర్దినట్టు గౌను సర్దుకున్న రోజుల నుంచి అక్కడికి రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.