మెకంజీ దొర, కావలి అన్నదమ్ములు

కర్రలు కాస్త ఎగదొయ్యరా అబ్బాయ్, మంట లేస్తుంది. అమ్మాయ్, నువ్విటు జరుగు, పొగ కళ్ళల్లో పడుద్ది. పతకాల దొర కథ చెప్పమన్నారుగా, మన అమరావతికొచ్చిన మెకంజీ దొర సంగతే చెప్తా.

కాలిన్ మెకంజీ. స్కాట్లండులో లూయిస్ అనే దీవి, అందులో స్టోర్నవే రేవు ఆయన ఊరు. అక్కడ సుంకాల కచేరీలో కొలువు. అది వదిలేసి ఓడెక్కి 1783లో మద్రాసులో దిగాడు. అప్పటికి ముప్ఫైకి అటూ ఇటూ ఉంటాడు. పటాలంలో చేరడానికి అదేం లేత వయసు కాదు. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో ముందు కాల్బలంలో ఉండి, తర్వాత ఇంజనీర్లలోకి మారాడు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడికి నిజాం సైన్యంతో పాటు వెళ్ళాడు. ఫిరంగుల కోసం దిబ్బలు కట్టించే పని ఆయనది. మే 4న కోట పడింది, టిప్పు సుల్తాను అక్కడే నేలకొరిగాడు.

ఆ గెలుపుకి కంపెనీ పతకాలు చేయించింది. ఇంగ్లండులో అచ్చేయించి 1808లో పంచారు. ఒక వైపు సింహం పులి మీద పడి అణిచేస్తూ ఉంటుంది. సింహం కంపెనీది, పులి టిప్పుది. బొమ్మ ఒకటే గానీ లోహం వేరు. పెద్ద సేనానులకి బంగారం, వాళ్ళ కింద దొరలకి బంగారు పూత పూసిన వెండి, కెప్టెన్ల స్థాయికి ఉత్త వెండి, హవల్దార్లకి కంచు, సిపాయికి తగరం. మద్రాసు పటాలాల్లో తెలుగువాళ్ళు బోలెడుమంది నాయనా. తూటాలకి అందరూ ఒకటే, పతకం దగ్గరికొచ్చేసరికి వాళ్ళకి తగరం.

తర్వాత 1811లో జావా దండయాత్రకీ వెళ్ళొచ్చాడు మెకంజీ. 1815లో ఆర్డర్ ఆఫ్ ద బాత్ అనే బిరుదిచ్చారు. ఆ ఏడే హిందూదేశం మొత్తానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కల్నల్ దాకా ఎదిగాడు.

ఇక నాకిష్టమైన మాటకొస్తా. నిజాం సీమల్లో భూములు కొలుస్తున్న రోజుల్లో, 1796లో, ఏలూరు కుర్రాడు కావలి వెంకట బొర్రయ్య ఆయన దగ్గర చేరాడు. తెలుగు, తమిళం, కన్నడం, సంస్కృతం, ఇంగ్లీషు అన్నీ వచ్చు. పాత శాసనాల లిపి చదివేవాడు. దొర గొలుసు పట్టి పొలం కొలిస్తే, బొర్రయ్య కరణం ఇంటి అరుగు మీద కూర్చుని ఊరి లెక్కల పుస్తకం, దండకవిలె, తీయించేవాడు. ఈ ఊరు ఎవరు కట్టించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు, అన్నీ రాయించేవాడు. ఆ రాతలే కైఫీయత్తులు. పాపం, 1803లోనే, నిండు యవ్వనంలో పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. మరో తమ్ముడు రామస్వామీ అందులోనే పనిచేశాడు.

మన అమరావతి స్తూపం దిబ్బ, దీపాలదిన్నె, చూడ్డానికి దొర రెండుసార్లొచ్చాడు. మొదట 1798 ప్రాంతంలో. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు ఇక్కడ కొత్త పట్నం కడుతూ రాయి కోసం దిన్నె తవ్విస్తున్న కాలమది. మళ్ళీ 1816లో వచ్చేసరికి చాలా రాళ్ళు గోడల్లోకీ మెట్లల్లోకీ పోయాయి. అప్పుడు చిత్రకారుల్ని కూర్చోబెట్టి మిగిలిన పలకలన్నీ గీయించాడు. తర్వాత పోయిన పలకలు కొన్ని మనకి ఆ బొమ్మల్లోనే దొరుకుతాయి. ఆయన చేసిన యుద్ధాలన్నీ ఒకెత్తు, ఆ బొమ్మలు ఒకెత్తు నాకు.

1821లో కలకత్తా దగ్గర పోయాడు. 8 వేల పైచిలుకు శాసనాల నకళ్ళు, 6 వేల పైన నాణేలు, గుట్టలుగా తాటాకులు, కాగితాలు మిగిల్చాడు. కంపెనీ ఆయన భార్యకి లక్ష రూపాయలిచ్చి అంతా కొనేసింది. లక్ష్మయ్య ఇరవై ఏళ్ళకు పైగా ఆయన వెంట తిరిగినవాడు. మిగిలిన పని నాకప్పగించండని సర్కారుకి అర్జీ పెట్టుకున్నాడు. సర్కారు కలకత్తా ఏషియాటిక్ సొసైటీని అడిగింది. ఈ దేశపు మనిషి ఎవరూ అంత పనికి చాలరని సొసైటీ తరఫున ప్రిన్సెప్ దొర రాసిచ్చాడు. ఊరూరా తిరిగి పోగుచేసింది ఎవరు మరి? తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుద్ది నాకు.

ఆ కాగితాలు పాడవుతుంటే తర్వాత సి.పి. బ్రౌన్ దొర పూనుకుని తెలుగు కైఫీయత్తులకి శుభ్రంగా నకళ్ళు రాయించాడు. మన గుంటూరు సీమ ఊళ్ళవి ఇప్పుడు అచ్చులో ఉన్నాయి. రేపు పుస్తకం తీస్తా, ఎవరి అమ్మమ్మ ఊరు వాళ్ళు వెతుక్కోండి.